లెక్క ఎవరు చేస్తున్నారు? హైస్కూలు చదువులో తెర, ట్యాబ్, ఏఐ

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ట్యాబ్ పట్టుకుని కూర్చుంది. ‘ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్ ఎంత?’ అని తెర మీద ప్రశ్న. ఆ వయసు పిల్లలు చాలామంది రాసేదే ఆమే రాసింది: ఏ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్. ఎర్రగా ఇంటూ గుర్తు పడింది. కింద సరైన సూత్రం వచ్చింది. ‘తర్వాతి ప్రశ్న’ అని బటన్ వెలిగింది, నొక్కేసింది. అంతా కలిపి నాలుగైదు సెకన్ల పని.

ఇదే తప్పు ఇంకో యాప్‌లో చేస్తే అది తప్పు అనదు. ‘ఏ బదులు 2, బి బదులు 3 పెట్టి చూడు’ అంటుంది. రెండూ కలిపితే 5, దాని వర్గం 25. ఆమె రాసిన జవాబు ప్రకారమైతే 4, 9 కలిపి 13. మరి మిగతా 12 ఏమైంది? ఇప్పుడు తెర మీదికి 5 భుజంగా ఉన్న చతురస్రం వస్తుంది. దాన్ని 2 దగ్గర నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కోయమంటుంది. వేలితో గీస్తే నాలుగు ముక్కలవుతాయి. 2 భుజంగా ఒక చిన్న చతురస్రం, 3 భుజంగా కాస్త పెద్దది, వాటికి అటొకటి ఇటొకటి రెండు దీర్ఘచతురస్రాలు. ఒక్కోదాని వైశాల్యం 6. తప్పిపోయిన 12 అక్కడ దొరుకుతుంది. ‘2 ఏబి’ అన్నది ఎవరో బట్టీ పట్టించిన తోక కాదని, కళ్లెదుట ఉన్న రెండు ముక్కలని ఆ పిల్లకు తెలుస్తుంది. ఇందుకు నాలుగు సెకన్లు చాలవు, నాలుగైదు నిమిషాలు పడుతుంది.

ఈ రెండు యాప్‌లూ టెక్నాలజీయే. ‘ఈ బడిలో డిజిటల్ చదువు ఉందా?’ అని సర్వే చేస్తే రెండింటికీ ఒకే గడిలో టిక్కు పడుతుంది. అందుకే ‘టెక్నాలజీ వల్ల చదువు బాగుపడుతుందా’ అన్న ప్రశ్నకు ఏళ్ల తరబడి తిన్నని జవాబు రావడం లేదు. ఒక పరిశోధన అవునంటుంది, మరొకటి కాదంటుంది, ఇంకొకటి మధ్యేమార్గం చెబుతుంది. ఆ గందరగోళంలోంచి బయటపడటానికి నేను పట్టుకునే కొస ఒకటుంది. ఆ నిమిషంలో ఆలోచించే పని ఎవరు చేస్తున్నారు, పిల్లా, యంత్రమా? పరికరం పేరు, ధర, కొత్తదనం అన్నీ దీని తర్వాతే.

వందేళ్ల నుంచీ ఇదే మాట

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత బడి సామగ్రికి సరిపోయినట్టు మరి దేనికీ సరిపోదు. సినిమా వచ్చిన కొత్తలో, 1913లో, థామస్ ఎడిసన్ ఇక బడుల్లో పుస్తకాల కాలం చెల్లిపోతుందని జోస్యం చెప్పాడు. మనిషి జ్ఞానంలోని ప్రతి శాఖనూ చలనచిత్రంతో బోధించొచ్చని ఆయన నమ్మకం. ఆ తర్వాత రేడియో వచ్చింది, టీవీ వచ్చింది. ప్రతిసారీ ఆశలు అలాగే పొంగాయి, ప్రతిసారీ ఆ పెట్టె తరగతి గదిలో ఓ మూలకు చేరింది.

కంప్యూటర్ కూడా మనం అనుకునేంత కొత్తది కాదు. 1950ల్లో మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ‘బోధన యంత్రం’ తయారుచేశాడు. తన కూతురి తరగతికి వెళ్లినప్పుడు ఆయనకు రెండు విషయాలు కొట్టొచ్చినట్టు కనిపించాయట. పిల్లలంతా ఒకే వేగంతో నడవాల్సి వస్తోంది, తమ జవాబు తప్పో ఒప్పో తెలియడానికి మర్నాటిదాకా ఆగాల్సి వస్తోంది. ఆ రెండు ఇబ్బందులూ తీర్చడానికే ఆ యంత్రం. 1960లో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే కంప్యూటర్ బోధన వ్యవస్థ మొదలైంది. 1967లో సేమూర్ పేపర్ట్, ఆయన సహచరులు పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేశారు. పేపర్ట్ దారి పూర్తిగా వేరు. కంప్యూటర్ పిల్లవాడికి పాఠం చెప్పడం కాదు, పిల్లవాడే కంప్యూటర్‌కి పని చెప్పాలి అన్నాడు. తాబేలు బొమ్మకు ‘వంద అడుగులు ముందుకు, 90 డిగ్రీలు కుడికి’ అని ఆజ్ఞలిచ్చి చతురస్రం గీయించే పిల్లవాడు కోణమంటే ఏమిటో తెలుసుకోకుండా ఉండలేడు.

ఈ రోజు మార్కెట్లో ఉన్న ఏ విద్యా యాప్‌ని విప్పి చూసినా లోపల ఎడిసనో, స్కిన్నరో, పేపర్టో కనిపిస్తారు. చూపించేవి, అడిగేవి, చేయించేవి, అంతే. మొదటి రకం తయారుచేయడం చవక, మూడో రకం కష్టం. ఏ రకం ఎక్కువగా అమ్ముడవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

రిచర్డ్ క్లార్క్ అనే పరిశోధకుడు 1983లో ఒక పోలిక తెచ్చాడు, ఇప్పటికీ దాని మీద వాదన ఆగలేదు. సరుకులు మోసుకొచ్చే లారీ వల్ల మన పోషణ మారనట్టే, పాఠం మోసుకొచ్చే సాధనం వల్ల చదువు మారదన్నాడు. మారేది సరుకు వల్ల, అంటే బోధనా పద్ధతి వల్ల. దీన్ని నేను ముప్పాతిక వంతు ఒప్పుకుంటాను. మిగిలిన పాతిక దగ్గరే అసలు సంగతి ఉంది. మామూలు లారీలో తేలేని సరుకు కొన్ని ఫ్రీజర్ ఉన్న లారీలో తేవచ్చు. కాగితం మీద కదలని గ్రాఫు తెర మీద కదులుతుంది. కాబట్టి ఏ పాఠానికి ఫ్రీజర్ కావాలో, దేనికి అక్కర్లేదో విడదీసి చూడాలి.

అర్థమైనట్టు అనిపించడం వేరు

పరీక్ష ముందు పాఠాన్ని నాలుగుసార్లు చదివిన విద్యార్థికి అంతా వచ్చేసినట్టే ఉంటుంది. అక్షరాలు కంటికి అలవాటవుతాయి, ఆ అలవాటునే మనసు జ్ఞానమని పొరబడుతుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని శుభ్రంగా కొలిచి చూపించారు. ఒక జట్టు పాఠాన్ని రెండోసారి చదివింది, ఇంకో జట్టు పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారైంది. గుర్తుచేసుకుని రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంటే, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే.

జ్ఞాపకం నుంచి కష్టపడి లాగడమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. పాఠం చల్లగా, మెత్తగా, అడ్డంకి లేకుండా సాగిపోతోందంటే అనుమానించాల్సిందే.

వీడియో పాఠాలకు ఇదే చిక్కు. మంచి గొంతు, చక్కటి బొమ్మలు, ఎక్కడా తడబాటు లేని వివరణ. చూసినవాళ్లు ‘చాలా స్పష్టంగా ఉంది’ అంటారు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో డెరెక్ ముల్లర్ తన పరిశోధనలో భాగంగా ఇలాంటి భౌతికశాస్త్ర వీడియోలనే మొదటి ఏడాది విద్యార్థులకు చూపించి, ముందూ వెనకా పరీక్ష పెట్టాడు. స్పష్టమైన వీడియో చూసినవాళ్ల సగటు 26 మార్కులకు 6 దగ్గర మొదలై దాదాపు అక్కడే ఆగిపోయింది. ఇంకో వీడియోలో ఒక పాత్ర విద్యార్థులకు సహజంగా ఉండే పొరపాటు అభిప్రాయాన్నే బయటికి అంటుంది, రెండో పాత్ర దాంతో వాదిస్తుంది. అది చూసినవాళ్లు గందరగోళంగా ఉందన్నారు, సగటు మాత్రం 11కి దగ్గరగా వెళ్లింది. పైకి విసిరిన బంతి మీద చేతి బలం ఇంకా పని చేస్తూనే ఉంటుందని నమ్మేవాడు, అది తప్పని ఎవరూ వేలెత్తి చూపకపోతే, వీడియో మొత్తాన్ని తన నమ్మకానికి సాక్ష్యంగానే చూస్తాడు. నాకు ముందే తెలుసులే అనుకుని లేస్తాడు.

అంతమాత్రాన వీడియో పనికిరాదని కాదు. కరిగిన లోహం ఎలా పోతారో, కణ విభజన ఎలా సాగుతుందో, అగ్నిపర్వతం లోపల ఏముంటుందో నల్లబల్ల మీద గీసి చూపడం ఎవరి తరం? కానీ ప్రతి మూడు నాలుగు నిమిషాలకూ ఆపి, ‘ఇప్పుడేం జరుగుతుంది?’ అని అడిగి, పిల్లలు కాగితం మీద ఏదో ఒకటి రాశాకే మళ్లీ నడిపించాలి. ఆపడానికి కొత్త పరికరమేమీ అక్కర్లేదు.

ప్రొజెక్టర్ స్లైడ్ల గురించి ఒక్క మాట. స్లైడు మీద పేరా మొత్తం పెట్టి, దాన్నే పైకి చదివి వినిపిస్తే రెండూ ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. కన్ను ఒక వేగంతో చదువుతుంది, చెవి ఇంకో వేగంతో వింటుంది, బుర్రలో ఒకేసారి పట్టే చోటు చాలా ఇరుకు. బొమ్మ తెర మీద, మాట నోటితో అయితే చోటు సరిపోతుంది. ఇంత చిన్న సంగతి ఏళ్లుగా తెలిసినా, స్లైడ్ల మీద పేరాలు మాత్రం తగ్గడం లేదు.

కదిలే గ్రాఫు

ఫ్రీజర్ లారీ అవసరమైన చోటు ఒకటి చూపిస్తాను. హైస్కూలు గణితంలో వర్గ సమీకరణం రేఖాచిత్రం వస్తుంది. వై ఈజీక్వల్‌టు ఏ ఎక్స్ స్క్వేర్ ప్లస్ బి ఎక్స్ ప్లస్ సి. గిన్నెలాంటి ఆ వక్రరేఖే పరావలయం. ఒక పీరియడ్‌లో చేత్తో గీస్తే మూడో నాలుగో గీయగలం. ఒకటి గీసేసరికే బిందువులు లెక్కకట్టడంలో ఓపిక అయిపోతుంది, ఇక పోల్చి చూసేదెక్కడ?

జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2000ల మొదట్లో ఆస్ట్రియాకు చెందిన మార్కస్ హోహెన్‌వార్టర్ తన చదువులో భాగంగా మొదలుపెట్టాడు. అందులో ఏ, బి, సి లకు మూడు జరిపే మీటలు పెట్టుకోవచ్చు. సి మీట జరిపితే గిన్నె పైకీ కిందికీ కదులుతుంది. ఏ జరిపితే వెడల్పు మారుతుంది, సున్నా దాటి రుణాత్మకమైతే బోర్లా పడుతుంది. ఈ రెండూ పిల్లలు తేలిగ్గానే ఊహిస్తారు. మరి బి జరిపితే? ముందు అడగాలి, తర్వాతే మీట ముట్టుకోనివ్వాలి. ‘పక్కకు జరుగుతుంది’ అంటారు ఎక్కువమంది. మీట జరిపితే గిన్నె పక్కకూ పోతుంది, కిందికీ దిగుతుంది, సున్నా దాటాక మళ్లీ రెండో వైపు కిందికి దిగుతుంది. దాని అడుగు బిందువు, అంటే శీర్షం, వెళ్లిన దారి మీద చుక్కలు పెట్టించండి. ఆ చుక్కలన్నీ కలిపితే ఇంకో పరావలయం వస్తుంది, తలకిందులుగా.

ఈ దృశ్యం చూసిన పిల్లలు ‘ఎందుకలా?’ అని అడగకుండా ఉండటం అరుదు. ఆ ఎందుకుకి జవాబు తెర చెప్పదు. కాగితం తీసి, శీర్షం ఎక్స్ నిరూపకం మైనస్ బి బై 2ఏ అని రాసుకుని, బి ని తొలగిస్తే వై ఈజీక్వల్‌టు సి మైనస్ ఏ ఎక్స్ స్క్వేర్ అని తేలాలి. తెర ప్రశ్న పుట్టించింది, పెన్ను జవాబు వెతికింది.

కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ సిమ్యులేషన్లు భౌతిక, రసాయన శాస్త్రాలకు ఇలాంటి పనే చేస్తాయి. తీగలో ఎలక్ట్రాన్లు కదలడం, మూసిన డబ్బాలో వాయువు అణువులు గోడలను గుద్దుకోవడం ప్రయోగశాలలో ఉన్నా కంటికి కనిపించవు. అలాగని సిమ్యులేషన్ ఉందిగా అని ప్రయోగశాలకు తాళం వేయకూడదు. నిజం బ్యాటరీ వేడెక్కుతుంది, తీగ వదులవుతుంది, కొలత కాస్త అటూఇటూ వస్తుంది. ఆ అటూఇటూ ఎందుకొచ్చిందో వెతకడం కూడా సైన్సే. తెర మీది కొలతలు మరీ బుద్ధిమంతులు.

తప్పుకీ, తప్పు తెలియడానికీ మధ్య దూరం

స్కిన్నర్ పట్టుకున్న రెండు ఇబ్బందుల్లోనే టెక్నాలజీ నిజంగా ఒడ్డెక్కించిన ఉదాహరణలు ఎక్కువ. మొదటిది ఆలస్యం. సాయంత్రం ఇంట్లో పది లెక్కలు ఒకే తప్పు పద్ధతిలో చేసిన పిల్లవాడు ఆ తప్పును పదిసార్లు సాధన చేసినట్టే. మూడు రోజుల తర్వాత నోటుబుక్కు దిద్ది ఇస్తే ఆ ఎర్ర సిరా వంక ఎవరు చూస్తారు? మార్కు చూసుకుని మూసేస్తారు.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఏడో తరగతి పిల్లలందరికీ 2002 నుంచే ప్రభుత్వం ల్యాప్‌టాప్‌లు ఇస్తోంది. అక్కడ 43 బడుల్లో ఒక అధ్యయనం జరిగింది, ఫలితాలు 2016లో వచ్చాయి. సగం బడుల్లో గణితం హోంవర్క్‌ని అసిస్ట్‌మెంట్స్ అనే ఉచిత వ్యవస్థలో చేయించారు. లెక్క చేయగానే తప్పో ఒప్పో తెలుస్తుంది, కావాలంటే చిన్న సూచన వస్తుంది, ఎవరు ఎక్కడ ఆగిపోయారో మర్నాడు టీచర్ ముందు ఉంటుంది. ఒక రాత్రికి పది నిమిషాలు కూడా పట్టని పని, వారానికి మూడు నాలుగు రోజులు. ఏడాది చివర ఈ పిల్లలు ముందంజలో ఉన్నారు, వెనకబడ్డ పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. నాకు ఇందులో బాగా నచ్చింది ఒకటే. రెండు పక్కలా పిల్లల చేతుల్లో ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. తేడా వచ్చింది యంత్రం ఉండటం వల్ల కాదు, దానితో చేయించిన చిన్న పని వల్ల.

రెండో ఇబ్బంది స్థాయి. ఒకే తరగతి గదిలో ఒకే పుస్తకం ముందు కూర్చున్న పిల్లలు నిజానికి నాలుగైదు వేర్వేరు తరగతుల్లో ఉంటారు. 2015లో ఢిల్లీలో 619 మంది మాధ్యమిక స్థాయి పిల్లలతో జరిగిన అధ్యయనం దీన్ని అంకెల్లో పెట్టింది. ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు, పై తరగతులకు వెళ్లేకొద్దీ ఆ దూరం పెరిగింది. లాటరీ తీసి కొందరికి బడి అయ్యాక మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద చదివే అవకాశం ఇచ్చారు. పిల్లవాడు నిజంగా ఎక్కడున్నాడో అక్కడి నుంచే అది మొదలుపెడుతుంది. సగం సేపు కంప్యూటర్, సగం సేపు చిన్న జట్టుగా ఒక మనిషి దగ్గర. నాలుగున్నర నెలల్లో గణితంలో లాటరీ రాని పిల్లల కంటే రెండింతల పైచిలుకు ప్రగతి కనిపించింది.

అయితే బడి పెట్టే గణితం పరీక్షలో మాత్రం ఆ తేడా కనిపించలేదు. తొమ్మిదో తరగతి ప్రశ్నపత్రం తొమ్మిదో తరగతి లెక్కలే అడుగుతుంది. నాలుగో తరగతి భిన్నాల దగ్గర నుంచి ఆరో తరగతి దాకా ఎక్కొచ్చిన పిల్లవాడి కష్టం అందులో పడదు. అతను ఇంకా సున్నాయే. ‘సాఫ్ట్‌వేర్ పెట్టాం, మార్కులు పెరగలేదు’ అని తీసేసే ముందు, ఆ పరీక్ష ఏం కొలుస్తోందో ఎవరైనా చూశారా అనిపిస్తుంది నాకు.

పంచేస్తే సరిపోదు

సాధనం చేతికిస్తే చాలు, పిల్లలే నేర్చుకుంటారు అన్న నమ్మకానికి పెద్ద పరీక్ష పెరూ దేశంలో జరిగింది. 2005లో నికొలస్ నెగ్రోపాంటే ప్రకటించిన ‘పిల్లకో ల్యాప్‌టాప్’ ఉద్యమం కింద ఆ దేశం ఎనిమిది లక్షలకు పైగా యంత్రాలు పంచింది. 319 పల్లె బడుల్లో పదిహేను నెలల తర్వాత చూస్తే గణితంలో గానీ భాషలో గానీ పెరుగుదల కనిపించలేదు. అవి ప్రాథమిక బడులే అయినా పాఠం అందరికీ వర్తిస్తుంది. ఎప్పుడు వాడాలి, ఏ పాఠానికి వాడాలి అన్నది ఎవరూ చెప్పలేదు, టీచర్లకు శిక్షణ అంతంతమాత్రం. 2015లో సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ విడుదల చేసిన నివేదికా ఇదే దారిలో ఉంది. బడి కంప్యూటర్ల మీద బాగా ఖర్చు పెట్టిన దేశాల్లో, పదిహేనేళ్ల పిల్లలకు పలు దేశాల్లో పెట్టే పీసా పరీక్షల ఫలితాలు చెప్పుకోదగ్గట్టు మెరుగుపడలేదని తేల్చింది.

అసలు సాధనమే అందనివాళ్ల సంగతి వేరే ఉంది. 2020లో బడులు మూతపడి 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులు ఇంట్లో కూర్చున్నప్పుడు, బడి ఈడు పిల్లల్లో మూడింట రెండొంతుల మందికి ఇంట్లో ఇంటర్నెట్ లేదని ఐక్యరాజ్యసమితి సంస్థలు యూనిసెఫ్, ఐటీయూ లెక్క తేల్చాయి. ఇంట్లో ఒకే ఫోన్ ఉండి, ముగ్గురు పిల్లలకు ఒకే గంటలో పాఠాలుంటే ఆ ఇల్లు ‘ఇంటర్నెట్ ఉన్న ఇల్లు’గానే లెక్కలోకి వస్తుంది, అది ఇంకో సంగతి.

ఫోన్ అనగానే నిషేధం మాట వస్తుంది. బడుల్లో ఫోన్లు వాడకూడదని ఫ్రాన్స్ 2018లో చట్టం చేసింది. ఇంగ్లండ్‌లో 91 బడుల రికార్డులు చూసిన పరిశోధకులు ఫోన్లు ఆపాక మార్కులు పెరిగాయని, అదీ ముఖ్యంగా వెనకబడ్డ పిల్లలకేనని, ముందున్నవాళ్లకు పెద్ద తేడా లేదని చెప్పారు. అదే పద్ధతిలో స్వీడన్ లెక్కలు తీస్తే అసలు తేడాయే కనిపించలేదు. కాబట్టి నిషేధాన్ని సర్వరోగ నివారిణిగా అమ్మేవాళ్లనూ, హక్కుల భంగంగా కొట్టిపారేసేవాళ్లనూ నేను సమానంగానే అనుమానిస్తాను. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. పాఠం మధ్యలో వేరే పనులు చూసుకునేవాడు తన చదువొక్కటే పాడుచేసుకోడు. 2013లో కెనడాలో కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, అలాంటివాళ్ల తెరలు కనిపించే చోట కూర్చున్నవాళ్ల మార్కులు కూడా 17 శాతం తగ్గాయి. తెర ఒకడిది, నష్టం వెనక వరసది కూడా.

ఊతకర్ర తీసేసిన రోజు

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక ఇదంతా ఒక మెట్టు పైకెక్కింది. అంతకుముందు యంత్రం తప్పొప్పులు చెప్పేది. ఇప్పుడు మొత్తం రాసి ఇస్తుంది.

దీని మీద నాకు తెలిసినంతలో బాగా కళ్లు తెరిపించే ప్రయోగం టర్కీలో జరిగింది. దాదాపు వెయ్యి మంది హైస్కూలు విద్యార్థులు, గణితం. ఒక జట్టుకు పుస్తకం, నోట్సు మాత్రమే. రెండో జట్టుకు జీపీటీ-4 అనే ఏఐ ఉన్న మామూలు చాట్, ఏమడిగినా చెబుతుంది. మూడో జట్టుకూ అదే జీపీటీ-4, కానీ జవాబు నేరుగా చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా టీచర్ల సలహాలతో తయారుచేసింది. సాధన లెక్కల్లో రెండో జట్టు 48 శాతం, మూడో జట్టు 127 శాతం మెరుగ్గా చేశాయి. ఇక్కడితో ఆపితే ఎంత బాగుంటుంది! తర్వాత ఏఐ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్ వాడినవాళ్లు, అసలు ఏఐ మొహమే చూడనివాళ్ల కంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. సూచనలిచ్చే ఏఐ వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపు లేదు. లాభమూ లేదు.

చాట్‌తో సాధన చేసినవాళ్లు తాము తక్కువ నేర్చుకున్నామని గమనించనేలేదు. మళ్లీ అదే అర్థమైనట్టు అనిపించడం. ఒకరి ఆకలికి ఇంకొకరు తింటే తీరదని అందరికీ తెలుసు. కానీ యంత్రం తింటూ ఉంటే మన కడుపు నిండినట్టు అనిపించడం ఈ సాధనం ప్రత్యేకత.

దొంగ రాతలు పట్టుకునే సాఫ్ట్‌వేర్ మీద ఆశ పెట్టుకోవడం దండగ. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023లో అలాంటి సాధనం విడుదల చేసి, ఏఐ రాతల్లో అది 26 శాతాన్నే పట్టుకుంటోందని తానే చెప్పి, కచ్చితత్వం చాలడం లేదని ఆరు నెలల్లో వెనక్కి తీసుకుంది. అంతకంటే పాత పద్ధతి నయం. రాసుకొచ్చిన పిల్లవాణ్ని రెండు నిమిషాలు నిలబెట్టి, ‘ఈ మూడో లైన్లో మైనస్ ప్లస్ ఎందుకయింది నాయనా?’ అని అడగడం. సొంతంగా చేసినవాడు తడబడుతూనైనా చెబుతాడు.

ఏఐని తిప్పి వాడే దారులూ ఉన్నాయి. జవాబు అడగడం మానేసి, తప్పు ఉన్న జవాబు తయారుచేయమని అడిగి, ఆ తప్పు పట్టుకునే పని పిల్లలకివ్వొచ్చు. టీచర్‌కైతే ఒకే లెక్కకు అంకెలు మార్చి నలభై ప్రశ్నలు రాసుకోవడం చిటికెలో పని. ఇచ్చిన లెక్కలను ఒకసారి తనే చేసి చూసుకోవాలి, అది నమ్మకంగా తప్పులు చెప్పగలదు.

నలభై మంది, ఒక తెర

యాప్ పిల్లలను చూస్తూ ఉంటుంది, ఆ చూసింది ఎక్కడికి పోతుందన్నది బడులు పెద్దగా అడగవు. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ 49 దేశాల్లో ప్రభుత్వాలు సిఫార్సు చేసిన 160కి పైగా విద్యా సాధనాలను పరిశీలిస్తే, దాదాపు 89 శాతం పిల్లల వ్యక్తిగత సమాచారానికి ముప్పు తెచ్చేలా ఉన్నాయి. ఉచితం అన్న మాట విన్నప్పుడు ఈ అంకె గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఆ చూపే టీచర్ చేతిలో ఉంటే వేరే కథ. మొదట చెప్పిన రెండో యాప్‌నే తీసుకుందాం. పొద్దున్నే టీచర్ తన తెర తెరుస్తుంది. నలభై మందిలో పదిహేడు మంది ఏ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అనే రాశారు. వాళ్లలో పన్నెండు మంది చతురస్రం కోసి, తప్పు తామే దిద్దుకున్నారు. మిగిలిన ఐదుగురు పది సెకన్లలో సూచన బటన్ వరసగా మూడుసార్లు నొక్కి, చివర వచ్చిన జవాబు దించుకుని ముందుకెళ్లిపోయారు. ఏ యాప్‌లోనైనా పిల్లలు మొదట కనిపెట్టేది ఈ దొడ్డిదారే. రిపోర్టులో ఐదుగురికీ ‘పూర్తయింది’ అని పచ్చగా టిక్కు పడి ఉంది, ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తేనే గుట్టు తెలుస్తుంది.

ఆమె సెకన్ల గడి చూసింది. ఐదు పేర్లు చీటీ మీద రాసుకుంది. పీరియడ్ నలభై నిమిషాలు, ఈ వారంలో ఇంకో పాఠం అయిపోవాలి, రేపు యాప్ వాడకం మీద పైవాళ్లకు నివేదిక పంపాలి. ఆ ఐదుగురి పక్కన కూర్చుని, ట్యాబ్ మూయించి, కాగితం మీద చతురస్రం గీయించడానికి పది నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలో టైమ్‌టేబుల్ వేసేవాళ్లు చెప్పాలి.